ఎండ, గాలి, పళ్ల డాక్టరు

ఆ ఆదివారం ఉదయానికి వానగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. మరో రెండు వారాల్లో జరగబోయే కాలనీ షటిల్ పోటీల దరఖాస్తు మీద తాను ఒక సంతకం పెట్టి, పక్కన భార్య చేత ఇంకొకటి పెట్టించాలి. తొమ్మిది కొట్టేలోగా దాన్ని తీసుకెళ్లి కమిటీ అధ్యక్షుల వారి చేతిలో పెట్టాలి. ఏడేళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే. ఈ ఏడాది అదనంగా చేసిందల్లా కొత్త బూట్లు కొనుక్కోవడం. కాళ్లకు అలవాటు పడాలని వాటిని రెండు రోజులుగా ఇంట్లోనే తొడుక్కుని తిరుగుతున్నారు.

వానగారు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆయన వాతావరణ కేంద్రంలో పరిశీలకుడు. గాజు గోళం కింద పెట్టిన అట్టముక్క మీద ఎండ ఎంత పొడుగు గీత కాల్చిందో చూడటం, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోందో పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. నాలుగు బ్లాకుల కాలనీలో ఎవరు దుప్పట్లు నానబెట్టాలన్నా ముందు ఆయన్ని అడుగుతారు. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క అంకె కూడా తప్పు రాయలేదని ఆయనకు గొప్ప. ఆ అంకెల్ని ఇంతవరకూ ఎవరూ చదవలేదన్నది వేరే సంగతి.

"నా పేరు నిన్ననే ఇచ్చేశానండీ," అంది భార్య, రొట్టె మీద వెన్న రాస్తూ.

"మంచి పని చేశావ్. నాది కూడా రాశావు కదా?"

"లేదు. మూడో అంతస్తు పళ్ల డాక్టరుగారితో ఇచ్చాను."

పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. వానగారికి రొట్టె ముక్క గొంతులో అడ్డం పడింది. ఆవిడే నీళ్లందించి, ఆ వెనకాలే కారణం కూడా అందించింది. ఏడేళ్లుగా మొదటి రౌండులోనే ఓడిపోయి పదిన్నరకల్లా ఇంటికొచ్చి వంట మొదలుపెడుతోందట. ఒక్క ఏడాదైనా ఆ కప్పును చేత్తో పట్టుకుని చూడాలని ఉందట.

"మీరు కొట్టేముందు తలెత్తి గాలి ఎటుందో చూస్తారు. మూసేసిన హాల్లో గాలెక్కడుందండీ?"

అది నిజమే. వృత్తి అలవాటు. కాక్ పైకి లేచిందంటే చాలు, ఆయన వేలు తడి చేసుకుని గాల్లోకి ఎత్తుతారు. వేలు ఎత్తి, లెక్క వేసి, బ్యాటు దించేలోగా కాక్ కాళ్ల దగ్గర పడి ఉంటుంది. భార్య దాన్ని వంగి తీసి అవతలివాళ్లకు విసురుతుంది. ఏడేళ్లలో ఆవిడ నడుము వంచిన లెక్క ఆయన ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు.

వానగారికి కుళ్లు పుట్టింది. దీన్ని కాస్త మర్యాదగా చెప్పడానికి వేరే మాటలున్నాయి గానీ, ఏదీ సరిపోదు. ఆ రోజే దిండూ దుప్పటీ తీసుకుని వెనక గదిలోకి మకాం మార్చారు. కంచం కూడా అక్కడికే తెచ్చుకున్నారు. ఇంట్లో అలక అంటూ మొదలుపెడితే ఆయన దాన్ని కూడా ఉద్యోగంలాగే క్రమశిక్షణతో చేస్తారు.

పళ్ల డాక్టరు వచ్చి ఆరు నెలలే అయింది. పొడగరి. తల నిండా జుట్టు. నవ్వితే పై వరసా కింది వరసా మొత్తం కనబడతాయి, ఒక్కటి కూడా వంకర లేదు. కాక్ ఎవరు ఎలా కొట్టినా "అద్భుతమండీ" అంటాడు. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా హాల్లో సాధన. వానగారు అదే వేళకు హాలు వెనక సందులో నడకకు వెళ్లడం మొదలుపెట్టారు. ఆ సందు పొడవు ముప్పై అడుగులు. అందులో గంటసేపు నడిచినందుకు ఆయనకు దక్కింది ఏమిటంటే, లోపలి నుంచి నవ్వులు, మధ్యమధ్య "అద్భుతమండీ". అదంతా ఓర్చుకున్నారు గానీ, భార్య రాత్రి పడుకునే ముందు కూడా పళ్లు తోముకోవడం మొదలుపెట్టిందని గమనించిన రోజున ఆయనకు నిద్ర పట్టలేదు. పెళ్లయి పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లూ పొద్దున్న తోముకుంటే సరిపోయేది.

మూడో రోజున ఆఫీసుకు ఆరోగ్య శాఖ నుంచి ఒక కాగితం వచ్చింది. ఊళ్లో దగ్గు, జ్వరం తెచ్చే వైరస్ ఒకటి తిరుగుతోందట. మూసిన గదిలో ఊపిరితో వచ్చే తుంపరలు గాల్లో పోగుపడతాయనీ, ఆరుబయట అవి గాలికి చెదిరిపోతాయనీ, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు వైరస్‌ను త్వరగా దెబ్బతీస్తాయనీ, అందువల్ల ఆటలు వీలైనంతవరకు ఆరుబయట ఆడుకోవడం మేలనీ అందులో ఉంది. ఊళ్లో ఎండ ఎన్ని గంటలు కాస్తోందో, గాలి ఎంత వీస్తోందో పంపమని అడిగారు. పందొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి ఆయన అంకెలు ఎవరికో కావలసి వచ్చాయి. కానీ వానగారికి కనబడింది అది కాదు. తాళం వేసిన హాలు కనబడింది.

కాగితానికి రెండో పేజీ కూడా ఉంది. తనకు కావలసింది మొదటి పేజీలోనే దొరికింది కాబట్టి ఆయన తిప్పలేదు.

కమిటీ అధ్యక్షులు రిటైరైన రైలు గార్డు. కాలనీ అంతా గార్డుగారనే పిలుస్తుంది. ఈల, పచ్చజెండా, ఎర్రజెండా ఇప్పటికీ ఇంట్లో మేకుకు వేలాడుతుంటాయి. నిబంధన అన్న మాట చెవిన పడితే ఆయనకు ఆకలి కూడా వేయదు. వానగారు కాగితం చూపించి, హాలుకున్న రెండు కిటికీలూ రంగు వేసినప్పుడు రెక్కలు అతుక్కుపోయి నాలుగేళ్లుగా తెరుచుకోవడం లేదని గుర్తుచేసేసరికి గార్డుగారు నిటారుగా కూర్చున్నారు. అరగంటలో హాలుకు తాళం పడింది. పోటీలు నీళ్ల ట్యాంకు పక్కన ఖాళీ స్థలంలోకి మారాయి. ఎండా గాలీ తగినంత ఉన్నాయని వానగారు సంతకం చేసిన ధ్రువపత్రం లేనిదే ఏ ఆటా మొదలు కాకూడదని కూడా గార్డుగారే తీర్మానించారు. సిగ్నలు లేకుండా బండి కదిలించిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు.

వానగారు ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చారు. అలకలో ఉన్నట్లు గుమ్మం దగ్గర గుర్తొచ్చి ఆపేశారు.

మర్నాడు పళ్ల డాక్టరు మెట్ల మీద ఎదురుపడి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ హాల్లో తనకు మొదటి నుంచీ ఊపిరాడటం లేదనీ, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాననీ, ఇంత మంచి పని చేసినందుకు కాలనీ మొత్తం రుణపడి ఉండాలనీ అన్నాడు. రెండు వరసలూ చూపిస్తూ అన్నాడు. పైగా ఇప్పుడు సాధన ఆరుబయట. ఇదివరకు నవ్వులు వినబడేవి, ఇప్పుడు కనబడుతున్నాయి కూడా. వానగారి వెనక గది కిటికీ సరిగ్గా ఆ స్థలం మీదికే తెరుచుకుంటుంది. నాలుగు బ్లాకుల బాల్కనీల్లోనూ జనం కుర్చీలు వేసుకుని చూస్తున్నారు. ఆవిడ ఒక మంచి దెబ్బ కొడితే చప్పట్లు కొడుతున్నారు. మన పళ్ల డాక్టరు జోడీ, అంటున్నారు.

వానగారు మళ్లీ గార్డుగారి ఇంటికి వెళ్లారు. ఆరుబయటైనా మనిషికీ మనిషికీ మధ్య దూరం ముఖ్యమన్నారు. జోడీలో ఇద్దరూ ఎప్పుడూ రెండు మీటర్ల ఎడంలో ఉండాలన్నారు. గార్డుగారు టేపుతో కొలిచి నేల మీద సున్నంతో పట్టీలు గీయించారు. ఎవరైనా గీత దాటితే ఈల. ఆ తర్వాత రెండు రోజులూ కాలనీలో ఈల మోగని నిమిషం లేదు. మిగతా జోడీలన్నీ తిట్టుకున్నాయి. పళ్ల డాక్టరూ ఆవిడా మాత్రం ఎవరి సగం వాళ్లు పంచుకుని, ఒకరికొకరు అడ్డం రాకుండా ఆడటం నేర్చేసుకున్నారు. అంతకు ముందు వాళ్లకు ఉన్న ఒకే ఒక లోపం అదేనట. ఈ సంగతి బావమరిది చెప్పాడు.

బావమరిది అంటే ఆవిడ తమ్ముడు. పక్క బ్లాకులో ఉంటాడు, బజార్లో కళ్లద్దాల కొట్టు. కమిటీలో సభ్యుడు.

"బావా, నువ్వు వాళ్లకి శిక్షణ ఇస్తున్నావా, ఏంటి సంగతి?" అన్నాడు ఆరా తీస్తున్నట్లు.

వానగారు పళ్లు నూరారు. చల్లటి గదిలో దీపం కింద కూర్చుని పనిచేసే మనిషి నడినెత్తిన సూర్యుడుంటే ఎలా ఆడతాడో చూద్దామనుకున్నారు. అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా ఉండేది మధ్యాహ్నమే కాబట్టి పోటీ ఆటలన్నీ పదకొండుకూ ఒంటిగంటకూ మధ్యే జరగాలన్నారు. గార్డుగారు టైంటేబుల్ మార్చారు. ఆ వేళ అలవాటు కావడానికి మర్నాడు పదకొండుకు పళ్ల డాక్టరు తెల్ల టోపీ, నల్ల కళ్లద్దాలతో దిగాడు. నాలుగు బ్లాకుల బాల్కనీలూ ఒక్కసారి నిట్టూర్చాయి. వానగారి భార్య కళ్లకు కూడా అలాంటి అద్దాలే ఉన్నాయి. డాక్టరే ఇచ్చాడట, ఒకటి కొంటే ఒకటి ఉచితమట. ఎక్కడ కొన్నాడని అడగనక్కర్లేదు. బావమరిది ఆ పూట బావ కంట పడకుండా తిరిగాడు.

ఇలా ఒక్కొక్క నిబంధనా పెరుగుతూ పోయింది. గాలి లేకపోతే తుంపరలు చెదరవు కాబట్టి గాలి బాగా వీచినప్పుడే ఆట అన్నారు. ఆఫీసులో మూలపడిన, గాలి వేగం కొలిచే పాత యంత్రాన్ని అడిగి తెచ్చి కర్రకు బిగించారు. దాని నాలుగు గిన్నెలు గిరగిర తిరిగితే తప్ప ధ్రువపత్రం లేదు. ఆ గాలికి కాక్‌లు నీళ్ల ట్యాంకు మీదికీ, రెండో అంతస్తు బాల్కనీలోకీ, ఒకసారి గార్డుగారి కాఫీ కప్పులోకీ వెళ్లాయి. పన్నెండు జోడీల్లో నాలుగు విసుగెత్తి మానేశాయి. పళ్ల డాక్టరు మాత్రం మానలేదు. కాక్ ఎక్కడికి ఎగిరినా అద్భుతమండీ అంటూనే ఉన్నాడు.

చివరికి వానగారు అసలు ఆయుధం తీశారు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఎలాగూ ఒకే గాలి పీలుస్తారు. వేరువేరు ఇళ్లవాళ్లు జతకడితేనే వైరస్ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళుతుంది. కాబట్టి జోడీ అంటే ఒకే ఇంటివాళ్లయి ఉండాలి. దరఖాస్తుల్లో ఈ నిబంధనకు చిక్కే జోడీ ఒక్కటే ఒక్కటి. ఈ ఆలోచన వచ్చినప్పుడు ఆయన అద్దంలో చూసుకుని తనకు తానే తల ఊపుకున్నారు.

బుధవారం సాయంత్రం అత్యవసర సమావేశం. పదకొండు మంది సభ్యులు. ఆరుబయట కూర్చుంటే అక్కడే సాధన చేస్తున్న ఇద్దరి చెవినా పడుతుంది. అందుకని వానగారు గార్డుగారి దగ్గర తాళంచెవి తీసుకుని, అందరినీ హాలు వెనక ఉన్న సామాన్ల కొట్లోకి తీసుకెళ్లారు. మడతకుర్చీలు, చిరిగిన నెట్లు, మనుషులు. తలుపు వేసి గడియ పెట్టారు. ఫ్యాను తిరిగితే మాట వినబడదని అదీ ఆపేశారు. తర్వాత గంటన్నరసేపు, మూసిన గదుల్లో వైరస్ ఎలా పోగుపడుతుందో గొంతెత్తి వివరించారు. ఊపిరి ఎలా వస్తుందో చేసి చూపించారు. అందరికీ చెమటలు పట్టాయి. ఉన్న ఒక్క కూజా, ఒక్క గ్లాసూ చేతులు మారాయి.

మూల కుర్చీలో గార్డుగారు అప్పుడప్పుడు దగ్గుతున్నారు. నాలుగు రోజులుగా ఈల ఊదీ ఊదీ గొంతు పట్టేసిందన్నారు.

"బావా, కాస్త తలుపు తీద్దామా? ఊపిరాడట్లేదు," అన్నాడు బావమరిది.

"తీస్తే బయటికి వినబడుతుందోయ్. ఐదు నిమిషాలు ఓర్చుకో, ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన విషయం," అన్నారు వానగారు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. దాన్ని ఆదివారం పొద్దున్న ఆట మొదలయ్యే ముందు నోటీసు బోర్డుకు అంటిస్తానని గార్డుగారు మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు.

శుక్రవారానికి గార్డుగారు మంచం దిగలేదు. శనివారం పొద్దున్నకి బావమరిదికి నూట రెండు జ్వరం. మధ్యాహ్నానికి కోశాధికారికి, కార్యదర్శికి, ఉపాధ్యక్షులిద్దరికీ దగ్గు. సాయంత్రానికి పదకొండు మందీ పడ్డారు, వాళ్లతో పాటు వానగారు కూడా. వాళ్లతో జోడీ కట్టిన వాళ్ల పెళ్లాలకు కూడా ముక్కులు కారుతున్నాయి. కాలనీలో మిగిలినవి రెండే జోడీలు. ఒకటి తొమ్మిదో నంబరు కొత్త దంపతులు. పెళ్లయి రెండు నెలలే అయింది కాబట్టి వాళ్లు ఏ సమావేశానికీ వెళ్లరు. రెండోది చెప్పనక్కర్లేదు. వానగారి భార్యకు కనీసం తుమ్ము కూడా రాలేదు. ఆయన దాదాపు రెండు వారాలుగా అలిగి, వేరే గదిలో పడుకుని, వేరే కంచంలో తిని, ఆవిడతో పలకకుండా ఉండటం వల్ల ఆవిడ ఆరోగ్యం భద్రంగా ఉంది.

ఆదివారం పది గంటలకు వెనక గది కిటికీ బయట, రెండు మీటర్ల ఎడంలో, ఆవిడ కనబడింది. కింది అంతస్తే కాబట్టి ఎదురెదురుగా నిలబడినట్లే. చేతిలో ఆరోగ్య శాఖ కాగితం. ఆవిడ గ్రంథాలయంలో పనిచేస్తుంది. అచ్చయిన కాగితం ఏది చేతికొచ్చినా చివరి అక్షరం దాకా చదవకుండా వదలదు.

"ఇది మీ చొక్కా జేబులో ఉంది. రెండో పేజీ చదివారా?"

వానగారు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు. ఆవిడే చదివింది. ఆరుబయట ఆడేటప్పుడు ముప్పు తక్కువేననీ, ఆటకు ముందో తర్వాతో మూసిన గదిలో గుంపుగా కూర్చుని గట్టిగా మాట్లాడటం, ఒకే గ్లాసుతో తాగడం వల్లనే ఎక్కువమందికి అంటుకుంటుందనీ రాసి ఉంది. ఆ ముక్కను ఆవిడ రెండుసార్లు చదివింది.

"తమ్ముడు ఫోనులో అంతా చెప్పాడు. మీ తీర్మానం గార్డుగారి కోటు జేబులోనే ఉందట. ఆయన లేచి అంటించే స్థితిలో లేరు. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. ఇదంతా వైరస్ కోసమేనా?"

పందొమ్మిదేళ్లుగా తప్పు అంకె రాయని మనిషి. కాసేపు దగ్గి, ఇంక దగ్గడానికి కూడా ఏమీ మిగలక, చెప్పేశారు.

"కాదు. కుళ్లు. ఏడేళ్లు ఓడిపోయినా నీ పక్కన నిలబడి ఓడిపోయాను. ఇప్పుడు నువ్వు గెలుస్తావు, నేను పక్కన ఉండను. అదే నా బాధ."

ఆవిడ కాగితాన్ని మడతలు పెట్టింది. విప్పి మళ్లీ మడతలు పెట్టింది. పదకొండుకు ఆట ఉందని మాత్రం చెప్పింది. ధ్రువపత్రం లేనిదే మొదలుపెట్టకూడదని గార్డుగారు మంచం మీది నుంచి కూడా పట్టుబడుతున్నారట. సంతకం పెట్టాల్సింది వానగారే.

వానగారికి ఒక్క క్షణం అవకాశం కనబడింది. గాలి చాలదని రాస్తే చాలు, ఆట ఆగిపోతుంది. ఎవరూ వచ్చి కొలిచి చూడరు. ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వేలు ఎత్తారు. ట్యాంకు వైపు నుంచి హాయిగా గాలి వీస్తోంది. కర్ర మీద గిన్నెలు చక్కగా తిరుగుతున్నాయి. ఎండ ఫెళ్లున కాస్తోంది. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. బాగుందని రాసి, సంతకం పెట్టి, కాగితాన్ని కిటికీ గట్టు మీద ఉంచి వెనక్కి జరిగారు.

"ఆడుకో," అన్నారు.

పదకొండుకు కమిటీ మొత్తం ఎవరి బాల్కనీలో వాళ్లు దుప్పట్లు కప్పుకుని కూర్చుంది. ఈల ఊదితే దగ్గు వస్తుందని గార్డుగారు రెండో అంతస్తు నుంచి జెండాలతోనే తీర్పులు చెబుతున్నారు. కాక్ లోపల పడితే పచ్చ, బయట పడితే ఎర్ర. కాసేపటికి అన్నీ ఎర్రజెండాలే. పళ్ల డాక్టరు ఎంత బలంగా కొడితే గాలి కాక్‌ను అంత దూరం తీసుకెళ్లి పారేస్తోంది. కొత్త దంపతులు మెత్తగా కొడుతూ పాయింట్లు ఏరుకుంటున్నారు. మొదటి గేము ఇరవై ఒకటి, పన్నెండు. రెండో గేములో కూడా అయిదు పాయింట్ల వెనుకబాటు. ఆవిడ నుదుటి చెమట తుడుచుకుని, కప్పు పెట్టిన బల్ల వైపు ఒకసారి చూసింది. తర్వాత తిరిగి కిటికీ వైపు చూసింది.

"ఏవండీ, గాలెటు?"

వానగారు లేచి నిలబడ్డారు. జ్వరం ఉందో లేదో ఆయనకు తెలియలేదు. ట్యాంకు పక్కన పొద ఊగితే ఆ విసురు మైదానానికి రావడానికి నాలుగు సెకన్లు పడుతుందని ఆయన పదిరోజులుగా ఆ కిటికీలో కూర్చుని, కుళ్లుకుంటూనే, చూసి ఉన్నారు. చెయ్యి కుడికి చాపితే గాలి కుడికి. పిడికిలి బిగిస్తే ఆగమని. వేళ్లు విప్పితే ఇప్పుడు కొట్టమని. ఆవిడకు ఒక్కటి కూడా విడమరిచి చెప్పాల్సిన పని రాలేదు. ఏడేళ్లు ఆ చేతిని పక్కనే చూసింది. హాల్లో పనికిరాని వేలు, ఆరుబయట ఎటు చూపిస్తే కాక్ అటే పోయి పడింది. రెండో గేము ఇరవై ఒకటి, పదిహేడు. మూడోది ఇరవై ఒకటి, పందొమ్మిది.

బయటి మనిషి సాయం చేయడం న్యాయం కాదని కోశాధికారి దుప్పటిలోంచి అభ్యంతరం చెప్పారు. గార్డుగారు నిబంధనల పుస్తకం తిరగేశారు. ఆట స్థలంలో ఎండా గాలీ ఎలా ఉన్నాయో చెప్పడానికి అధికారం ఉన్న మనిషి కాలనీ మొత్తానికి ఒక్కరే. ఆ పదవి తామంతా కలిసి ఇచ్చిందే. గార్డుగారు పచ్చజెండా ఎత్తారు.

ఆవిడ కప్పును రెండు చేతులతో పట్టుకుని తిన్నగా కిటికీ దగ్గరికి వచ్చింది. రెండు మీటర్ల సున్నం గీత దగ్గర ఆగింది. కప్పు అంచు కొద్దిగా వంకరపోయి ఉంది, ఒక చెవి ఊడొచ్చేలా ఉంది. ఏడేళ్లు దూరం నుంచి చూసిన వానగారికి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

"వచ్చే ఏడాది దరఖాస్తులో మీ పేరు నేనే రాస్తాను. ఆరుబయట అయితేనే సుమండీ," అంది.

వానగారు ఆ రాత్రి అలక ముగించారు. దగ్గు తగ్గేదాకా గది మాత్రం మారవద్దని ఆవిడే ఆపింది.

పదిరోజుల తర్వాత, అందరూ కోలుకున్నాక, పళ్ల డాక్టరు ఇంటికొచ్చాడు. వరండాలో కుర్చీ వేశారు. ఆయన కాఫీ తాగుతున్నంతసేపూ ఆ రోజు కిటికీలో ఊగిన చెయ్యి గురించే మాట్లాడాడు. అంత గాలిని అలా చదివే మనిషిని తాను ఎక్కడా చూడలేదన్నాడు. వచ్చే నెల ఊళ్లో పెద్ద మైదానంలో మగవాళ్ల డబుల్స్ పోటీలున్నాయనీ, తనతో జోడీగా వానగారే రావాలనీ, కాదంటే తాను అసలు పేరే ఇవ్వననీ అన్నాడు. సాధన రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పెట్టుకుందామన్నాడు.

వంటింట్లో గిన్నె ఏదో అవసరమైన దానికన్నా గట్టిగా చప్పుడు చేసింది. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖం మాడిపోయి ఉంది.

"ఆరు నుంచి ఏడు దాకా మీరు నాతో ఆడతానన్నారు కదండీ?" అంది వానగారితో.

వానగారు వేలు తడి చేసుకుని గాల్లోకి ఎత్తి, ఆలోచించి చెబుతానన్నారు. ఆ రోజు నుంచి ఆయన రాత్రి పడుకునే ముందు కూడా పళ్లు తోముకుంటున్నారు.